ఆవులు తోలని అల్లుడు

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. పైవాణ్ణి తిట్టి పోగొట్టుకుంటారు, ఎదురు చెప్పి పోగొట్టుకుంటారు, తాగి వాగి పోగొట్టుకుంటారు. రెండు చేతులూ జోడించి, ఎంతో మర్యాదగా, మూడు నెలలు చెమటోడ్చి నేర్చుకున్న ఒకే ఒక్క వాక్యంతో, ఇంకా చేతికి రాని ఉద్యోగాన్ని పోగొట్టుకున్న మనిషి మాత్రం మా ఉద్దానం మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ వాక్యం తెలుగు కాదు, మా ఇచ్ఛాపురం వైపు వినపడే ఒడియా కాదు, ఇంగ్లీషు అసలే కాదు. సెసోతో. అదెక్కడి భాష అని అడక్కండి, ఆ గోడు చెప్పుకోవడానికే కూర్చున్నాను. నవ్వితే నవ్వండి, మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. బాయిలర్ దగ్గర ఆవిరి కారినా, గింజలు పగలగొట్టే మిషను మొరాయించినా నన్నే కేకేసేవారు. ఆ ముందటేడు వచ్చిన తుపాను మా తోటని నేలకి పడుకోబెట్టి పోయింది. నాన్న నాటిన జీడిచెట్లలో ఒక్కటి మిగల్లేదు. కొత్త మొక్కలు పెట్టాం గానీ, అవి నా మోకాలి దాకా వచ్చి అక్కడ ఆగి ఆలోచిస్తున్నాయి. అవి కాపుకొచ్చేలోగా ఏదైనా బయటిదేశం పోయి నాలుగేళ్ళు పనిచేసి వస్తే ఇల్లు నిలబడుతుందని నా ఆశ. ఆ రోజుల్లో నాకు వేరే ఆలోచనే లేదు.

మా మేనత్త కొడుకు నూకరాజు అప్పటికే లెసోతో అనే దేశంలో ఉన్నాడు. ఆఫ్రికాలో దక్షిణపు కొసన, కొండల మధ్య ఉన్న చిన్న దేశం. నాలుగు వైపులా ఇంకో దేశమే, ఎటు నడిచినా సముద్రం తగలదు. అక్కడ కొండల్ని తొలిచి నీళ్ళ కోసం సొరంగం వేస్తున్నారు, దాంట్లో మావాడు వెల్డరు. వాళ్ళ ఫోర్‌మన్ మొలేఫె అనే పెద్దాయన. ఆయన్ని ఏదో మిషను చూసి రమ్మని కంపెనీ విశాఖపట్నం పంపుతోందట. భార్య కూడా వస్తోందట. నూకరాజు సెలవు పెట్టుకుని వాళ్ళతో పాటే వచ్చి, ఒక రోజు మా ఊరు తీసుకొస్తాడు. వచ్చినప్పుడు ఆ పెద్దాయన ఇద్దరు ఫిట్టర్లని ఎంచుకుంటాడు.

ఫోన్లో ఈ కబురు వినగానే నాకు ఒళ్ళు తేలిపోయింది.

"బావా, టెస్టులూ గిస్టులూ ఏటైనా ఉంతాయా?"

"ఏటీ ఉండవు. మడిసిని సూత్తాడు, సేతులు సూత్తాడు. నచ్చితే రమ్మంతాడు, అంతే."

"మరి నన్నేటి సెయ్యమంతావు?"

"ఏటీ సెయ్యకు. నీకదే కట్టమని నాకు తెల్సు."

నన్ను అంత బాగా ఎరిగినవాడి మాట వినాలా వద్దా? నేను వినలేదు. మిగతావాళ్ళందరూ గుడ్మార్నింగ్ సార్ అంటారు, నేను ఆయన భాషలో మాట్లాడి ఆయన్ని బుట్టలో వేసుకుంటాను అనుకున్నాను. నూకరాజుని బతిమాలి రోజుకో వాయిస్ మెసేజ్ పెట్టించుకున్నాను. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే అరుగు మీద కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని పాఠం మొదలుపెట్టేవాణ్ణి. పక్కనే మా ఆవిడ కుమారి చేటలో జీడిపప్పు పోసుకుని పొట్టు తీస్తూ ఉండేది. ఈ చేటని గుర్తుపెట్టుకోండి.

మొదటి పాఠం నమస్కారం. దుమేలా అనాలి. మగవాళ్ళకి దుమేలా న్తాతే, అంటే నమస్కారం నాన్నగారూ అని. ఆడవాళ్ళకి దుమేలా మ్మే, అంటే నమస్కారం అమ్మా అని. రెండో పాఠం కుశలప్రశ్న. ఓ కాయే అని అడుగుతారు, కె తెంగ్ అని జవాబు చెప్పాలి. అర్థం అడిగితే నూకరాజు, "ఎక్కడున్నావు అని అడుగుతారు, ఇక్కడే ఉన్నాను అంతావు. అలగంతే బాగున్నానని అర్థం" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఇక్కడ ఉండటమే బాగుండటమైతే, ఇక్కణ్ణుంచి పోవడానికి నేనింత తంటాలు పడటమెందుకు?

ఇక కొన్ని మాటల్లో అక్షరం బదులు నాలుకతో టక్కుమని కొట్టాలి. అది నాకు పట్టుబడలేదు. ఇంట్లో అందరూ నవ్వుతున్నారని పక్కింటి అప్పమ్మత్త పశువులశాల వెనక్కి పోయి సాధన చేశాను. నాలుగోసారి టక్కుమనిపించేసరికి అప్పమ్మత్త ఎద్దు నన్నే బండివాడనుకుని నడక మొదలుపెట్టింది. పలుపు తెంపుకుని కొబ్బరితోట దాటి పోయాక గానీ ఆగలేదు. మా ఇద్దరిలో సెసోతో ముందుగా అర్థమైంది దానికే.

"ఏటయ్యా, బల్లినాగ ఆ టక్కు టక్కు?" అని అడిగేది కుమారి.

"భాష. నీకు తెల్దు."

"ఎల్తే ఎన్నాళ్ళు?"

"నాలుగేళ్ళు."

"ఊఁ" అని, వేలితో పొట్టు ఊదేసి, ఇంకో పప్పు తీసుకునేది. వెళ్ళమని అనలేదు, వద్దని అనలేదు. నేనది ఒప్పుకోవడమే అనుకున్నాను. మగవాడికి ఊఁ అనే మాట ఎప్పుడూ తనకి కావలసిన అర్థంలోనే వినపడుతుంది.

రెండు నెలలు గడిచాక నాకొక అసంతృప్తి పట్టుకుంది. న్తాతే, నాన్నగారూ, అని అందరూ అంటారు. ఇందులో నా గొప్పేముంది? మీది ఈ వైపు కాకపోతే మీకో సంగతి చెప్పాలి. మా దగ్గర ఎవరినీ వట్టినే పలకరించం. బస్సు కండక్టరు బావ, టీ కొట్టువాడు మావ, టెక్కలి సంతలో ముక్కూ మొహం తెలియని కూరగాయలాయన కూడా మావే. ఆయన మనల్ని 'అల్లుడూ, రా' అంటాడు. కొట్టుకోబోయే ముందు కూడా 'మావా, మర్యాదగా ఉండదు సెప్తన్నా' అనే అంటాం. చుట్టరికం కలపకుండా మాట్లాడితే మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టు మాకు అనిపిస్తుంది. అంచేత ఆ పెద్దాయన్ని లోపలికి తీసుకురావాలని తీర్మానించుకున్నాను. ఫోన్లో వెతికి అల్లుడికి వాళ్ళ మాట పట్టాను. వాక్యం కూర్చాను. కె మొఖ్వెన్యానా వా హావో. నేను నీ అల్లుణ్ణి.

నూకరాజుకి చెప్పలేదు. చెబితే మజా ఏముంటుంది? క్యాలెండరు కాగితం వెనక తెలుగక్షరాల్లో పెద్దగా రాసి తలుపు వెనక అంటించి, పొద్దునా సాయంత్రం చదువుకున్నాను. ఒకరోజు కుమారి ఊడుస్తూ ఆగి దాన్ని చూసింది.

"ఇదేటి, మంత్రమా?"

"ఆ పెద్దాయన్ని పడగొట్టే మాట."

"అర్థమేటి?"

"నీకెందుకు?" అన్నాను.

ఆమె చీపురు కాగితానికి తగలకుండా జాగ్రత్తగా ఊడ్చుకుని పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. నూకరాజూ, ఆ దంపతులూ పలాస స్టేషన్లో దిగి, కారులో ముందు అక్కుపల్లి సముద్రం దగ్గరకి పోయారు. నేనూ, పనికి పోటీకొచ్చిన మా ఊరి కామేశూ వెనకాల మోటారు సైకిలు మీద. మొలేఫె పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. తల మీద గడ్డితో అల్లిన, పైన ముడి ఉన్న టోపీ. ఆ ఉడుకులో కూడా ఆయన భార్య చేతి మీద మందపాటి ఉన్ని దుప్పటి మడతపెట్టి వేసుకుంది. ఆమె సముద్రం చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చెప్పులు వదిలేసి, కెరటం పాదాల మీదికొచ్చి వెనక్కి పోతుంటే ఎంతసేపు నిలబడిందో. తరవాత వంగి రెండు సీసాల నిండా సముద్రపు నీళ్ళు పట్టి మూత బిగించింది. వల సర్దుకుంటున్న ఒక ముసలామె, "ఓలమ్మో, ఈ నీల్లట్టుకెల్లి ఏటి సేసుకుంతాదో" అని ఆశ్చర్యపోయింది. మనకి గుమ్మం ముందున్న దాన్ని ఒకరు సీసాలో పోసుకుని తీసుకెళ్తుంటే నాకు అదోలా అనిపించింది. కానీ నా మనసంతా నా వాక్యం మీదే ఉంది.

భోజనం పట్టుబట్టి మా ఇంట్లోనే పెట్టించాను. కుమారి చేపల పులుసూ, పనసకాయ కూరా వండింది. ముందుగా గ్లాసుల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చింది. పులిసిన ఆ అంబలి ఒక గుక్క తాగి పెద్దావిడ కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళింట్లోనూ ఇలాంటిదే కాస్తారట. రెండో గ్లాసు అడిగి పుచ్చుకుంది.

భోజనాలయ్యాయి. పెద్దాయన కుర్చీ నీడలోకి లాక్కుని కామేశుని పిలిచాడు. కామేశు బిగుసుకుపోయి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, "గుడ్మార్నింగ్ సార్" అన్నాడు. నాకు జాలేసింది. పెద్దాయన వాడి చేతులు తిప్పి చూసి తలాడించాడు. తరవాత నా చేతులు. జీడి నూనె పడి కాలిన మచ్చల మీద బొటనవేలితో రాసి చూశాడు. ఆయన మొహంలో మెప్పు కనపడింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. నేను ఒకడుగు వెనక్కి వేసి, చేతులు జోడించి, గొంతు సవరించుకున్నాను.

"దుమేలా న్తాతే. కె మొఖ్వెన్యానా వా హావో."

ఆయన ఎత్తిన గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. పెద్దావిడ దుప్పటి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు నావైపు చూడలేదు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కుమారి వైపు చూశాడు. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

పెద్దాయన ఏదో అడిగాడు. మళ్ళీ చెప్పమంటున్నాడని నాకే అర్థమైంది. మాట బాగా తగిలిందనుకుని, ఈసారి వీధిలోకి వినపడేలా చెప్పాను.

"ఏ అమ్మాయి అని అడుగుతున్నాడు" అన్నాడు నూకరాజు నీరసంగా.

"ఏ అమ్మాయేటి?"

"ఆయనకిద్దరు కూతుల్లు. పెద్దదానికి పెల్లైపోనాది, సిన్నది సదువుకుంతంది. నువ్వు ఎవుల్ని సేసుకున్నావని అడుగుతున్నాడు."

"నేనెవుల్నీ సేసుకోనేదని సెప్పు!"

"మరి ఆవులెక్కడ అంతన్నాడు."

"ఆవులేటి బావా మద్దిలో?"

"అక్కడ పిల్లని సేసుకుంతే పెద్దలు కూకుని మాటాడి, ఆవుల్ని తోలుకొచ్చి ఇవ్వాల. అప్పుడు గానీ అల్లుడన్న మాట నోట్లోంచి రాదు. నీలాగ తిన్న సెయ్యి కడుక్కుని అనీరు."

"మనం ఊరికే మావా అంతాం కదా, అలగ అనీసినానని సెప్పు."

"ఎలగ సెప్పను? మావూర్లో అందరూ అందరికీ అల్లుల్లే అంతే, ఊరికి ఎన్ని మందలున్నాయని అడుగుతాడు."

ఇక నేనే రంగంలోకి దిగాను. నాకు ఇదివరకే పెళ్ళయిందని తెలియజెయ్యాలని కుమారిని చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చి, "వైఫ్, వైఫ్" అన్నాను. పెద్దాయన ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇంట్లో పెళ్ళాన్ని పెట్టుకునా, అన్నట్టు కనుబొమలెత్తాడు. కంగారులో నా చెయ్యి వీధి వైపు పోయింది. సరిగ్గా అప్పుడే అప్పమ్మత్త ఆవు మా ఇంటి ముందు నుంచి పోతోంది. నేను ఆవుని చూపించాననుకుని పెద్దాయన లేచాడు. నెమ్మదిగా వీధిలోకి వెళ్ళి, ఆవు దవడ పట్టుకుని పళ్ళు చూసి, వీపు నిమిరి, వెనక్కి తిరిగి ఒక వేలు ఎత్తి చూపించాడు.

"ఒక్కటేనా అంతన్నాడు" అన్నాడు నూకరాజు.

"ఓరి నాయనోయ్, నా ఆవుని బేరమెట్టీసినార్రోయ్!" అని అప్పమ్మత్త వీధి దద్దరిల్లేలా అరిచింది.

అప్పటిదాకా బిగబట్టుకున్న పెద్దాయన ఇక ఆగలేక నవ్వాడు. టోపీ తీసి, కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇంతసేపూ నాతో ఆడుకున్నాడన్నమాట. నేనూ నవ్వాను. గండం గడిచింది, ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను. నవ్వు అయ్యాక ఆయన భార్య వైపు వంగాడు. ఆమె కుమారిని చూస్తూ చాలాసేపు ఏదో చెప్పింది. ఆయన తల ఊపి నూకరాజుతో మాట్లాడాడు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు.

"నీ సేతులు మంచివంతన్నాడు. కానీ సొరంగంలో ఈయన మడుసుల్ని తిడతాడు. తిట్టకపోతే ఆదమరుత్తారు, రాయి మీదడతాది. అల్లుణ్ణి తిట్టకూడదంట. తిట్టలేనోణ్ణి లోపలికి తీసుకెల్లడంట. సొంత అల్లుణ్ణే ఎట్టుకోనేదు."

"అల్లుణ్ణి కానని సెప్పు బావా!"

"పెద్దమడిసి ముందర రెండుసార్లు అనీసి, రెండోసారి వీదంతా ఇనపడీలా అరిసీసి, ఇప్పుడు కానంతే ఎలగ?"

కామేశు ఎంపికయ్యాడు. వాడికి సెసోతో ఒక్క ముక్క రాదు. ఇంకొకణ్ణి నౌపడలో చూసుకున్నారు. మూడు నెలలు చదివిన నేను అరుగు చివర నిలబడి కారు వైపు నడుస్తున్న అతిథుల్ని చూస్తున్నాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. మోకాలెత్తు జీడిమొక్కలు కళ్ళముందు తిరిగాయి.

కారెక్కే ముందు పెద్దావిడ వెనక్కి వచ్చి ఆ ఉన్ని దుప్పటి విప్పి కుమారి భుజాల మీద కప్పింది. ఎర్రటి ఎండలో! ఏదో చెప్పింది, నూకరాజు తెలుగులో చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన ఇరవై రెండేళ్ళు పక్కదేశపు బంగారు గనుల్లో పనిచేశాడట, ఏడాదికొకసారి ఇంటికొచ్చేవాడట. కుమారి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఓ కాయే, మ్మే?" అని అడిగింది. పెద్దావిడ, "కె తెంగ్" అంది. నేను నోరు వెళ్ళబెట్టాను.

"నీకెలగొచ్చు?"

"మూడు నెల్లు నా సెవికాడే కూకుని అరిసినావు. రాకేటవుద్ది?"

నెలరోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఫ్యాక్టరీలో 'ఆవుల అల్లుడు' అని పేరు పడిపోయింది. కాలం అన్నిటినీ మింగినట్టే దాన్నీ మింగింది. మొక్కలు ఆలోచన మానేసి ఎదిగాయి. నాలుగో ఏడు పూత పట్టింది.

ఆ ఏడే కామేశు తిరిగొచ్చాడు. చూడటానికి నేనూ కుమారీ వెళ్ళాం. ఇంటికి రంగులేశారు, సామాను నిండుగా ఉంది. వాడు వెళ్ళేటప్పటికి వాడి కూతురు ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడి వాణ్ణే చూస్తోంది. వాడు చాక్లెట్టు చూపించి రా రా అంటే, ఆ పిల్ల చక్కగా, మాకందరికీ నేర్పిన మర్యాదతో, "నాకొద్దు మావా" అంది.

ఎవరమూ నవ్వలేదు. కామేశు చాక్లెట్టు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కుమారి ఆ దుప్పటిని ఎండలో ఆరేస్తూ, నా వైపు చూడకుండా, "ఆ మాట నాకు ముందే తెల్సు" అంది.

"ఏ మాట?"

"తలుపెనక అంటించినావు కదా, అది. నూకరాజన్నయ్యకి ఫోన్ సేసి సదివి ఇనిపించినాను. 'సెల్లీ, ఆడిసేత ఆ మాట అననియ్యకు, అల్లుణ్ణన్నోణ్ణి ఆయన పన్లో ఎట్టుకోడు, వొచ్చిన ఉద్యోగం పోద్ది. నువ్వే సెప్పు, నా మాటైతే ఆడినడు' అన్నాడు."

ఆరోజు నూకరాజు కుమారి వైపు ఎందుకు చూశాడో అప్పటికి తెలిసింది.

"మరి నాకు సెప్పలేదేటి?"

"అర్థమేటని అడిగితే నీకెందుకన్నావు. నాకెందుకులే అని ఊరుకున్నాను."

దుప్పటి రెండో వైపు తిప్పి, దులిపి, అప్పుడు నా మొహం చూసింది. "నాలుగేల్లు అన్నావు. ఊఁ అన్నాను. అది ఊఁ కాదు" అంది. ఆమె కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. నాకు కోపం రావాలి, రాలేదు. ముందురోజు గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లే గుర్తొచ్చింది.

మొలేఫె ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఓ కాయే, మొఖ్వెన్యానా?" అంటాడు. ఆవుల సంగతి ఇంకా మరిచిపోలేదని నవ్వుతాడు. నేను తోటలోనో బాయిలర్ దగ్గరో నిలబడి, "కె తెంగ్" అంటాను. ఇక్కడే ఉన్నాను. ఆ జవాబుకి ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కాబట్టి పాఠకులారా, మా జీడితోట సాక్షిగా, అప్పమ్మత్త ఆవు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆవుల సంగతి కనుక్కోకుండా ఏ భాషలోనూ ఎవరికీ అల్లుణ్ణి కాను. చేట పట్టుకుని కూర్చున్న మనిషికి చెవులు లేవని అనుకోను. ఇంట్లో అర్థం అడిగితే నీకెందుకని చచ్చినా అనను. ఈ ప్రమాణం రాసి, గట్టిగా చదివి కుమారికి వినిపించాను కూడా.

పొట్టు ఊదుకుంటూ, "ఊఁ" అంది.

అది ఏ ఊఁ నో ఇంకా కనుక్కుంటున్నాను.